హైదరాబాద్‌లో అసలైన పాత ఫ్యాక్టరీ ఫర్నిచర్ ఎక్కడ దొరుకుతుంది? కొత్తగా చేసి పాతదని అమ్మేవాటిని ఎలా గుర్తుపట్టాలి?

కెఫేల్లో చూసిన ఇనుమూ చెక్కా కలిసిన బల్లలు మీకు నచ్చాయనీ, ఇంట్లో పనిగదికి అలాంటి అసలైన పాతది ఒకటి కావాలనీ రాశారు. ఆరేళ్ళ కిందట నేనూ సరిగ్గా ఇదే వెతికాను. మొదట మోసపోయాను కాబట్టి అక్కడి నుంచే చెబుతాను.

నగరంలో ఒక షాపువాళ్ళు "పాత బట్టల మిల్లుది సార్" అని నాకొక తిప్పుడు స్టూలు అమ్మారు. ఇంటికి తెచ్చి బోర్లించి చూస్తే సీటు కింద అన్నీ ప్లస్ గుర్తు స్క్రూలే. కాళ్ళు కలిసే చోట కొత్త వెల్డింగ్ మెరుస్తోంది. రంగు మాత్రం నాలుగు వైపులా ఒకేలా గీకేసి ఉంది. నిజంగా వాడిన వస్తువు అలా అరగదు. కాలు ఆనించే కడ్డీ ఒక్కచోటే అరుగుతుంది. చెయ్యి తగిలే అంచు నున్నబడుతుంది. ఎవరూ ముట్టుకోని వెనక కాలి మీద మొదటి రంగు అలాగే మిగిలిపోతుంది. అందుకే ఏ వస్తువునైనా ముందు అడుగు భాగం చూడండి. పాతవాటిలో ఎక్కువగా ఒంటి గీత స్క్రూలు గానీ, రివెట్లు (తల కొట్టి బిగించే ఇనుప మేకులు) గానీ ఉంటాయి.

ఆ తర్వాత షాపుల జోలికి పోలేదు. బాలానగర్‌లో ఒక చిన్న లేత్ షాపు మూసేస్తున్నారని తెలిసి వెళ్ళాను. మూలన ఆరడుగుల బల్ల. పైన టేకు పలకలు, కింద పోత ఇనుప కాళ్ళు. మధ్యాహ్నం తుక్కు బండి వస్తుందట, కాళ్ళు కేజీల లెక్కన పోతాయి, చెక్క పొయ్యిలోకి పోతుంది. తుక్కు ధర మీద ఇంకాస్త వేసి ఇస్తానంటే ఆ పెద్దాయన ఒప్పుకున్నారు. "జాగ్రత్తగా వాడుకో బాబూ" అన్నారు, అంతే.

మా మెట్ల మలుపులో బల్ల తిరగలేదు, కాళ్ళు ఊడదీయాల్సి వచ్చింది. నా దగ్గరున్న స్పానర్లలో ఒకటి వదులు, దాని కింది సైజు అసలు పట్టదు. పక్క వీధి మెకానిక్ చూసి, ఇవి ఇంచీ బోల్టులని చెప్పి తన పాత సెట్ తెచ్చాడు. మన దేశంలో మెట్రిక్ కొలతలకు చట్టం వచ్చింది 1956లో. అంతకు ముందు వర్క్‌షాపుల్లో బ్రిటిష్ ఇంచీ మరలే నడిచేవి. ఇంచీ బోల్టు ఉన్నంత మాత్రాన వస్తువు 1956 కంటే పాతదని చెప్పలేం, పాత అచ్చులతో ఆ తర్వాతా చేసి ఉండొచ్చు. కానీ మిల్లీమీటర్ స్పానర్ చక్కగా పట్టే బోల్టులు పెట్టి "బ్రిటిష్ కాలం నాటిది" అంటే మాత్రం గట్టిగా అడగండి.

ఆ బల్ల సొరుగు చివర ఒక ఇత్తడి బిళ్ళ దొరికింది. రూపాయి కంటే కొంచెం పెద్దది, మీద 114 అని అచ్చు కొట్టి ఉంది, పైన రంధ్రం. ఫ్యాక్టరీల్లో టూల్ రూమ్‌కి వెళ్ళి పనిముట్టు తీసుకునేటప్పుడు కార్మికుడు తన నంబరు బిళ్ళ అక్కడ ఇచ్చేవాడు. పనిముట్టు తిరిగి వచ్చేదాకా అది మేకుకు వేలాడేది. ఆ రంధ్రం పైవైపు అరిగి కోలగా సాగింది. ఎన్నిసార్లు మేకుకు తగిలిస్తే ఇత్తడి అలా అవుతుంది! దాన్ని మళ్ళీ అదే సొరుగులో పెట్టేశాను.

శుభ్రం చేసేటప్పుడు దయచేసి తొందరపడకండి. వడ్రంగి వచ్చి చూసి మొత్తం చిత్రిక పట్టేస్తే కొత్త బల్లలా ఉంటుందన్నాడు, నేను వద్దన్నాను. ఆ నూనె మరకలు, బెంచ్ వైస్ (పనిచేసే వస్తువును కదలకుండా పట్టే సాధనం) బిగించిన రంధ్రాలు పోతే ఇక కొనడం దేనికి? పలకల సందుల్లోని ఇనుప రజను అయస్కాంతంతో లాగి, సబ్బు నీళ్ళతో తుడిచి, ఆరాక అవిసె నూనె పలచగా పట్టించాను. ఇంకో ముఖ్యమైన మాట: పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది. పొడిగా ఎమరీ పేపర్‌తో రుద్దకండి, తడిపి గీకండి, మాస్క్ పెట్టుకోండి, పిల్లల్ని దూరంగా ఉంచండి.

ఎక్కడ వెతకాలంటే, గురువారం జుమ్మేరాత్ బజార్, ఆదివారం ఎర్రగడ్డ సంత. పొద్దున్నే వెళ్ళాలి. బల్లలు అరుదు కానీ దీపాలు, స్టూళ్ళు, ఇనుప సొరుగులు, కుట్టు మిషన్ స్టాండ్లు కనిపిస్తాయి. బాలానగర్, ఆజామాబాద్ వైపు పాత ఇనుము కొట్లవాళ్ళకి మీ నంబరు ఇచ్చి ఉంచండి. ఆల్విన్ పేరున్న ఉక్కు బీరువా గానీ కుర్చీ గానీ కనిపిస్తే అస్సలు వదలకండి. 1942లో ఇక్కడే నిజాం ప్రభుత్వ భాగస్వామ్యంతో మొదలైన కంపెనీ అది. ఫర్నిచర్, బస్సు బాడీలు, తర్వాత ఫ్రిజ్‌లు, వాచీలు చేసింది. మన ఊరి పారిశ్రామిక చరిత్ర మన ఇంట్లో ఉండాలంటే అంతకంటే ఏం కావాలి.

డిజైన్ ఆలోచనల కోసం ఫోన్‌లో ఫొటోలు చూసే ముందు సైఫాబాద్ మింట్‌కి వెళ్ళండి. 1903 నాటి టంకశాల, 2022లో మ్యూజియంగా తెరిచారు. అక్కడి యంత్రాలు నిలబడిన తీరు చూశాకే నా బల్ల కాళ్ళు నాకు అర్థమయ్యాయి. బరువు ఎక్కడ పడుతుందో అక్కడ ఇనుము మందంగా ఉంటుంది, మిగతా చోట పలచబడుతుంది. ఆ అందం ఎవరో అలంకరణకు చెక్కింది కాదు. కెఫేల్లో మీరు చూసే రేకు కుర్చీలు చాలావరకు ఫ్రాన్స్‌లో జావియే పోషార్ 1934లో చేసిన కుర్చీకి నకళ్ళు. అవి కొనడం తప్పేమీ కాదు, పాతవని చెప్పి అమ్మితేనే తప్పు.

వరంగల్ ఆజంజాహి బట్టల మిల్లు 1934లో మొదలై ఎన్నో కుటుంబాలకు అన్నం పెట్టింది. మూతపడ్డాక షెడ్లు కూల్చేశారు. అక్కడి బల్లలు, స్టూళ్ళు ఏమయ్యాయో తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది. మీకు తెలిసినవాళ్ళ వర్క్‌షాపు ఏదైనా మూతపడుతుంటే తుక్కు బండి కంటే ముందు మీరు వెళ్ళండి. టార్చి, అయస్కాంతం, టేపు జేబులో వేసుకోండి. ఇంటి గుమ్మం వెడల్పు, మెట్ల మలుపు ముందే కొలిచి రాసుకోండి.