వంగి లేచే మాట

అమ్మాయీ,

క్యోటో వీధిలో గోడ మీద నడిచే పిల్లిని నీవు వర్ణించిన తీరు నాకు నచ్చింది. అయితే దాని నడకకు ‘షినయక’ అన్న జపనీస్ మాట వాడి, పక్కనే ‘మెత్తని’ అని అర్థం చెప్పడం దగ్గర నేను ఆగిపోయాను. మెత్తదనానికి ఆ భాషలో ‘యవరకై’ అన్న మాట వేరే ఉంది. సోయాపాలతో చేసే పన్నీరులాంటి తోఫూ యవరకై, నొక్కితే నలుగుతుంది, మళ్లీ లేవదు. షినయక అలా కాదు. విరగకుండా వంగడాన్ని చెప్పే ‘షినౌ’ అనే క్రియకు అది దగ్గరి చుట్టం. మంచు బరువుకు నేలదాకా వాలిన వెదురు, ఆ మంచు జారిపోగానే చివాలున లేస్తుందే, ఆ లేవడం కూడా ఈ మాటలో భాగమే. సాధారణంగా దీన్ని ధ్వనులను పలికినట్టే రాసే హిరాగానా లిపిలోనే రాస్తారు గానీ, చైనా నుంచి వచ్చిన కాంజీ అక్షరాల్లో రాసేటప్పుడు వాడే అక్షరాల్లో ఒకటి, కీళ్ల దగ్గర ఎముకలను బిగించి పట్టే లిగమెంటు పేరులోనూ ఉంటుంది.

ఈ తేడా నాకూ తేలిగ్గా పట్టుబడలేదు. ఒకసారి అతిగా ఉడికిన ఉదోన్ అనే లావాటి నూడుల్స్‌ను షినయక అని మెచ్చుకుంటే, వండిన పెద్దావిడ మారుమాట్లాడకుండా పుల్లలతో ఒక పోగు పైకెత్తింది. అది మధ్యకు తెగి గిన్నెలో పడింది.

అందుకే విశేషణాన్ని ఒంటరిగా బట్టీ పట్టవద్దు. ‘షినయక న యుబి’ అంటే చురుగ్గా, ఒడుపుగా కదిలే వేళ్లు. ‘షినయక ని ఇకిరు’ అంటే కష్టానికి తలవంచినా కుంగిపోకుండా బతకడం. వేళ్ల నుంచి బతుకు దాకా ఒకే మాట ఎలా సాగిందో గమనిస్తే దాని బిగువు తెలుస్తుంది. తెలుగులో ‘వయ్యారం’ సరిపోతుందేమో అని నీకు అనిపించవచ్చు. వయ్యారంలో ఎవరో చూస్తున్నారన్న స్పృహ ఉంది. పిల్లికి ఆ గొడవ లేదు. ‘లాఘవం’ కొంత నయం, కానీ అందులో తేలికదనమే తప్ప వంపు లేదు.

కాబట్టి ఆ వాక్యాన్ని మళ్లీ రాయి. గోడ దిగేటప్పుడు పిల్లి వెన్ను ఎక్కడ కుంగిందో, ముందుకాళ్లు నేలను తాకాక ఎలా సాగిందో చూసి రాసి పంపు. అప్పుడు ఆ జపనీస్ మాట ఉంచాలో తీసేయాలో చూద్దాం.

ఆశీస్సులతో.