ముందు రొట్టె లెక్క చూడు

చి. శ్రావణికి,

ఆశీస్సులు. సెమినార్ పేపర్ కోసం రష్యన్ కవయిత్రి ఒల్గా బెర్గోల్ట్స్ లెనిన్‌గ్రాడ్ ముట్టడిలో రాసిన పద్యం ‘ఫిబ్రవరి డైరీ’ తీసుకున్నావని మీ నాన్న చెప్పాడు. నువ్వు పంపిన నోట్సు చదివాను. పేజీ పేజీకీ మానవ స్ఫూర్తి, అజేయమైన ప్రేమ, ప్రతిఘటన అన్న మాటలున్నాయి గానీ, ఆ పద్యంలో ఎవరు ఏం తిన్నారో, ఏం కప్పుకున్నారో ఒక్క ముక్క లేదు. కోపం తెచ్చుకోకమ్మా. డిగ్రీ పిల్లలకి కవిత్వం చెప్పినన్నాళ్లూ నేను ఈ జబ్బు చూస్తూనే ఉన్నాను. యుద్ధం మీద కవిత అనగానే పెద్ద పెద్ద మాటలు ముందుకొచ్చి కూర్చుంటాయి. కొన్నాళ్లు వాటిని పక్కన పెట్టు.

పద్యం మొదలు మళ్లీ చదువు. అన్ని రోజుల్లాంటి రోజే అది. ఒక స్నేహితురాలు ఇంటికొస్తుంది. నిన్ననే తన మనిషిని పూడ్చిపెట్టి వచ్చానని ఏడవకుండా చెబుతుంది. ఇద్దరూ తెల్లారేదాకా మాటల్లేకుండా కూర్చుంటారు. ఏమని ఓదార్చను, నేనూ లెనిన్‌గ్రాడ్‌లో భర్త పోయినదాన్నే కదా అనుకుంటుంది కవయిత్రి. మరుసటి పగటి కోసం తీసిపెట్టుకున్న రొట్టె ఆ రాత్రే తినేస్తారు. ఒకే శాలువా ఇద్దరూ చుట్టుకుంటారు. ఊరంతా నిశ్శబ్దం. రేడియోలో మెట్రోనోమ్, అంటే తాళం కొట్టే యంత్రం, ఒక్కటే టక్ టక్‌మంటూ ఉంటుంది. ఆకాశం కాస్త తెల్లబడగానే ఇద్దరూ కలిసి నీళ్లకీ రొట్టెకీ బయల్దేరతారు. దూరంగా ఫిరంగుల చప్పుడు.

దీన్నంతా నువ్వు ‘దుఃఖంలో స్త్రీల సంఘీభావం’ అని ఒక్క లైనులో కానిచ్చేశావు. నేనైతే ఆ రొట్టె దగ్గరే ఒక పూట ఉండిపోతాను.

ఎందుకంటే లెక్క చూడు. లెనిన్‌గ్రాడ్‌ని, అంటే ఇప్పటి సెయింట్ పీటర్స్‌బర్గ్‌ని, జర్మన్ సైన్యం చుట్టేసిన ముట్టడి 1941 సెప్టెంబర్ 8న మొదలైంది. పూర్తిగా తొలగింది 1944 జనవరి 27న. అందులో ఆ మొదటి చలికాలమే జనాన్ని ఊడ్చుకుపోయింది. నవంబర్ 20 నుంచి డిసెంబర్ 25 దాకా కార్మికులకి రోజుకి 250 గ్రాముల రొట్టె, ఆఫీసుల్లో పనిచేసేవాళ్లకీ పిల్లలకీ ముసలివాళ్లకీ 125 గ్రాములు. అందులో కూడా పిండి కొంతే, సెల్యులోజ్ లాంటి కల్తీ సరుకు మిగతాది. తర్వాత కోటా కొంచెం కొంచెం పెంచారు. 1942 ఫిబ్రవరి 11 నుంచి కార్మికులకి 500, ఉద్యోగులకి 400, పిల్లలకీ ఇంట్లో ఉండేవాళ్లకీ 300 గ్రాములు. కానీ అప్పటికే ఒళ్లు చచ్చిపోయాయి. చావులు ఎక్కువైంది ఆ జనవరి, ఫిబ్రవరి నెలల్లోనే. రొట్టె తప్ప కార్డు మీద దొరికేవి మిగతావి దాదాపు లేవు. అంటే పగటికని తీసిపెట్టుకున్న ముక్కే రేపటి భోజనం. రాత్రి తినేస్తే, తెల్లవారి క్యూలో నిలబడి మళ్లీ తెచ్చుకునేదాకా ఏమీ లేదు. ఆ ముక్కని స్నేహితురాలి ముందు పెట్టి ఇద్దరూ తినేశారు. దాని గురించి కవయిత్రి ఒక్క వ్యాఖ్య కూడా చెయ్యదు. తిన్నాం అని చెప్పి శాలువా దగ్గరికి వెళ్లిపోతుంది. రొట్టె ఖరీదు తెలియనివాళ్లకి ఆ లైను ఉత్త వివరంలా కనిపిస్తుంది. ప్రేమ గురించి నీకు కావలసినదంతా అక్కడుంది.

ఒక హెచ్చరిక. ముట్టడి అనగానే అందరూ 125 గ్రాములే పట్టుకుంటారు. ఆ అంకె బెర్గోల్ట్స్ కవిత్వంలో ఉంది గానీ, అది 1942 వేసవిలో రాసిన ‘లెనిన్‌గ్రాడ్ కావ్యం’లో. నీ పద్యంలో రొట్టెకి తూకం లేదు. రాసిన నెలల్లో కోటా కూడా అది కాదు. అది తెచ్చి ఇక్కడ అతికించకు. సెమినార్లలో ఇలాంటివి పట్టుకోవడానికే వచ్చేవాళ్లు ఒకరిద్దరుంటారు.

ఇక నువ్వు చెయ్యాల్సిన పని. పద్యంలో చేత్తో పట్టుకోగల ప్రతి వస్తువునీ ఒక కాగితం మీద రాసుకో. రొట్టె, శాలువా, కొవ్వొత్తి, గిన్నెలు, కట్టెలు, మంచు మీద లాగే చక్రాల్లేని బండి స్లెడ్జి. ఒక్కోదాని ఎదురుగా, అది ఆ నెలలో ఆ ఊళ్లో ఏ స్థితిలో ఉందో తెలుసుకుని రాయి. కరెంటు లేదు కాబట్టి కొవ్వొత్తి. పైపులు గడ్డకట్టాయి కాబట్టి నేవా నది మీద మంచుకి కన్నం చేసి నీళ్లు తోడుకోవడం. ట్రాములు ఆగిపోయాయి కాబట్టి ఎంత దూరమైనా నడకే. మెట్రోనోమ్ కూడా ఈ జాబితాలోదే, కవితాలంకారం అనుకునేవు. ప్రోగ్రాములు లేనప్పుడు లెనిన్‌గ్రాడ్ రేడియో మెట్రోనోమ్ చప్పుడు వినిపించేది. నెమ్మదిగా కొడుతుంటే ప్రస్తుతానికి ఫర్వాలేదని, వేగంగా కొడితే విమానాలొస్తున్నాయని గుర్తు. పద్యంలో ఆ ఇద్దరూ దాన్ని వింటూ కూర్చున్నారంటే, ఊరు ఇంకా ఉందని వింటున్నారన్నమాట.

స్లెడ్జి లైను దగ్గరికి వచ్చాక మాత్రం తొందరపడకు. నేవ్‌స్కీ వీధిలో స్లెడ్జీలు కిర్రు కిర్రుమంటూ పోతుంటాయి. పిల్లలు మంచులో ఆడుకునేవి, ఇరుగ్గా చూడ్డానికి నవ్వొచ్చేలా ఉంటాయి. వాటి మీద గిన్నెల్లో నీళ్లు, కట్టెలు, ఇంటి సామాను, చచ్చిపోయినవాళ్లు, జబ్బుపడ్డవాళ్లు. అన్నీ ఒకే వరసలో, ఒకే ఊపిరిలో. నీళ్ల గిన్నెకీ శవానికీ మధ్య కవయిత్రి గొంతు మారదు. ఆ తర్వాత ఒక్కొక్కరూ కనిపిస్తారు. భర్తని నడిపించుకుంటూ పోయే ఆడమనిషి, ఆమె చేతిలో రాత్రికి సూపున్న క్యాను. దుప్పట్లో చుట్టిన దేహాన్ని ఓఖ్తా శ్మశానానికి తీసుకెళ్తున్న ఒక పిల్ల, మొహం మంచుకి కమిలిపోయి, నోరు బిగించుకుని. సిటీ మ్యాప్ ఒకటి పక్కన పెట్టుకుని నేవ్‌స్కీ ఎక్కడో, నదికి అవతల ఓఖ్తా ఎక్కడో చూసుకో. తిండిలేని మనిషి అంత దూరం బరువు లాగడమంటే ఏమిటో పేరా రాయకుండానే నీకు తెలిసిపోతుంది. పేపర్‌లో సగం ఈ రెండు చోట్లకే ఇచ్చినా తప్పులేదు, రొట్టెకీ స్లెడ్జికీ.

ఇప్పుడు ఆమె జీవితం. ఇది జాగ్రత్తగా వాడుకోవాలి. భర్త నికొలాయ్ మొల్చానొవ్ సాహిత్యం చదువుకున్న మనిషి, మూర్ఛ రోగి. 1942 జనవరి 29న ఆసుపత్రిలో పోయాడు. పద్యం ఆ జనవరి, ఫిబ్రవరి నెలల్లోనే రాసింది. అప్పటికి ఆమెకి 31 ఏళ్లు. అంతకుముందు 1938 డిసెంబర్‌లో ఆమెని సొంత ప్రభుత్వమే అరెస్టు చేసింది. కడుపులో బిడ్డ జైల్లోనే పోయింది. 1939 జూలైలో వదిలేశారు. మొదటి భర్త కవి బొరీస్ కొర్నీలొవ్‌ని 1938లోనే కాల్చి చంపారు. ఇన్ని జరిగిన మనిషి, అదే ప్రభుత్వం రేడియోలో కూర్చుని ఊరికి ధైర్యం చెప్పింది. పద్యంలో మాతృదేశం గురించిన భాగాలు చదువుతుంటే నీకు ఇబ్బందిగా అనిపిస్తుంది. నాకూ అవి కొంచెం బిగుసుకున్నట్టే ఉంటాయి, మొదటి భాగం ముందు తేలిపోతాయి. అయినా వాటిని దాటేయకు. ఉన్నాయని చెప్పు, బలహీనంగా ఉన్నాయనిపిస్తే ఆ మాటా చెప్పు. మా రోజుల్లో విశాలాంధ్రలో చవగ్గా దొరికిన సోవియట్ పుస్తకాలు తెగ చదివేవాళ్లం. ముట్టడి అంటే నాకు వాటిలో ఎప్పుడూ జెండా, తుపాకీ మాత్రమే కనిపించేవి. అందుకే ఈ శాలువా నాకు అంత ఇష్టం.

ఆమె రహస్యంగా రాసుకున్న డైరీలు సోవియట్ యూనియన్ పోయాకే పూర్తిగా బయటికొచ్చాయి. 1942 వసంతంలో మాస్కో వెళ్లినప్పుడు లెనిన్‌గ్రాడ్ ఆకలి గురించి అక్కడ నిజం చెప్పనివ్వడం లేదని వాటిలో కోపంగా రాసుకుంది. వాటిలోనే ఇంకోటి కూడా దొరుకుతుంది. రేడియోలో తనతో పనిచేసిన గియోర్గీ మకగొనెంకొతో ఆమె ప్రేమ, భర్త బతికుండగానే, ఆ ముట్టడిలోనే మొదలైంది. తర్వాత అతన్నే పెళ్లి చేసుకుంది. ఇది చదవగానే పేపర్ మొత్తం దాని చుట్టూ తిప్పాలనిపిస్తుంది. వద్దు. అలాగని తెలియనట్టు నటించక్కర్లేదు. పద్యంలో ఒకచోట ఆమె, ఆ మురికిలో, చీకట్లో, ఆకలిలో, చావు వెంటపడుతుండగా, మా మనవలు అసూయపడేంత ఆనందంగా కూడా ఉన్నాం మేము అంటుంది. ఆ మాట చాలామందికి మింగుడుపడదు, ప్రచారం కోసం రాసిందనుకుంటారు. డైరీ చదివినవాళ్లకి అలా అనిపించదు. భర్త కోసం కుమిలిపోతూనే, అపరాధంతో నలుగుతూనే, ఇంకొకరి ప్రేమతో ఊపిరి నిలుపుకుంటున్న మనిషి గొంతు అది. ఒక్క పేరాలో ఈ సంగతి చెప్పి మళ్లీ పద్యంలోకి వచ్చెయ్. ఆమె మీద తీర్పు చెప్పే పని మనది కాదు.

ఇంకోటి, ఇది పుస్తకంలో చదువుకోవడానికి రాసింది కాదు. ఆ ఫిబ్రవరిలోనే ఆమె దీన్ని రేడియోలో చదివింది. యుద్ధం మొదలవగానే జనం దగ్గరున్న రేడియో సెట్లు ప్రభుత్వం తీసేసుకుంది. ఇళ్లలో మిగిలింది తీగల మీద నడిచే స్పీకరు, గోడకి తగిలించిన నల్ల పళ్లెంలాంటిది. వినేవాళ్లు చీకట్లో, చలికి ఉన్నవన్నీ కప్పుకుని పడుకుని ఉన్నవాళ్లు. రెండోసారి వినే వీలు లేదు. ఆ తేలిక మాటలు, వంటింట్లో చెప్పుకునే కబుర్లలాంటి వాక్యాలు అందుకే. మీ ఊళ్లోనే విదేశీ భాషల యూనివర్సిటీ ఇఫ్లూలో రష్యన్ చదివే పిల్లలుంటారు. ఒకరిని బతిమాలి మొదటి భాగం పైకి చదివించుకుని విను. అర్థం కాకపోయినా ఫర్వాలేదు, గొంతు ఎక్కడ ఆగుతోందో గుర్తుపెట్టుకో.

నీ నోట్సు చివర్లో కొవిడ్ లాక్‌డౌన్‌తో పోలిక ఉంది. తీసెయ్. మనకి సరుకులు గుమ్మం దాకా వచ్చాయి. వలస కూలీల నడక గురించి రాయాలనుంటే అది వేరే పేపర్, దానికి వేరే చదువు కావాలి. సరయేవో, గాజా పేర్లు తేవాలని మీ మేడం అన్నారన్నావు. తేవచ్చు, కానీ ప్రతి ముట్టడికీ దాని రొట్టె లెక్క దానికుంటుంది, ఆ లెక్క చూసే ఓపిక ఉంటేనే.

ముట్టడిలో పోయినవాళ్లని పూడ్చిన పిస్కర్యోవ్ శ్మశానంలో గోడ మీద చెక్కిన, ఎవరినీ మరవలేదన్న ఆమె మాటతో పేపర్ మొదలుపెట్టకు. అందరూ అక్కడే మొదలుపెడతారు. పైగా అది యుద్ధమయ్యాక ఎన్నో ఏళ్లకి రాసింది. నేను హీరోయిన్నేమీ కాదు, ఊరితో పాటు ఊపిరి పీల్చుకుంటూ బతికానంతే అని ఇదే పద్యంలో ఆమె అంటుంది. ఎత్తుగడ కావాలంటే అది తీసుకో, లేదా నేరుగా స్నేహితురాలు తలుపు తట్టిన చోట మొదలుపెట్టు.

ఇరవై నిమిషాల్లో ఇదంతా పట్టదు. మొదటి భాగం, స్లెడ్జీలు, ఆనందం గురించిన ఆ పాదాలు, రేడియో సంగతి ఉంచు. మాస్కో ప్రయాణం ప్రశ్నలడిగితే చెప్పడానికి దాచుకో. వచ్చే వారం మొదటి డ్రాఫ్టు పంపు, అచ్చు తీయించి పంపు, ఫోన్‌లో చదవడం నా కళ్లకి కుదరడం లేదు. పనిలో పనిగా ఆ వస్తువుల జాబితా కూడా జత చెయ్యి, డ్రాఫ్టు కంటే ముందు అదే చూస్తాను.

మీ అత్తయ్య