నాలుగు ఏసీలు, ఖాతాలో 60 వేలు

ప్రశ్న: మాది హైదరాబాద్ నిజాంపేటలో ఐదో అంతస్తు ఫ్లాట్, పైన డాబానే. ఎండాకాలం ఇల్లు కొలిమిలా ఉంటుంది. నేను ఐటీ సపోర్ట్‌లో, నా భార్య ప్రైవేటు స్కూల్లో పని చేస్తున్నాం. ఇద్దరి జీతం చేతికి 1,15,000. ఇంటి ఈఎంఐ 41,000, కారుది 11,800, పిల్లల ఫీజులు నెలకు 13,000, ఇల్లు, మెయింటెనెన్స్ కలిపి 28,000, చిట్టీ 5,000 (40 నెలల్లో 25 అయిపోయాయి). ఖాతాలో 60 వేలు ఉన్నాయి. హాల్‌కు, మూడు బెడ్రూంలకు ఏసీలు పెట్టించాలనుకుంటున్నాం. రెండు ఏసీలకు కార్డు మీద 84,000 నో కాస్ట్ ఈఎంఐ, 12 నెలలు. మిగతా రెండు, పైపులు, వైరింగ్ కలిపి 1.5 లక్షలకు యాప్‌లో పర్సనల్ లోన్ 16 శాతానికి ఇస్తామంటున్నారు, 24 నెలలు. ఎలాగూ ప్రీ అప్రూవ్డ్ వచ్చింది. మార్చిలో వచ్చే బోనస్ 50 వేలతో ఫాల్స్ సీలింగ్ చేయిద్దామని ఉంది. మొత్తం పర్సనల్ లోన్‌లో పెట్టడం మంచిదా, ఇలా రెండుగా చేయడం మంచిదా? కంపెనీ హెల్త్ పాలసీ 3 లక్షలు ఉంది, అందులో మా అమ్మానాన్న లేరు. వాళ్లు మాతోనే, యుటిలిటీ పక్క గదిలో ఉంటారు. నాన్నకు 67, అమ్మకు 62, అమ్మకు షుగరు, బీపీ. ఏసీల కొటేషన్ జతచేశాను. మా మీటరు 3 కిలోవాట్లది, అసోసియేషన్ ముందువైపు గోడకు అవుట్‌డోర్ యూనిట్లు బిగించనివ్వదు.

జవాబు: రెండూ వద్దు.

ఇలాంటి ఉత్తరాలు ఫిబ్రవరి వచ్చిందంటే నాకు వరసగా వస్తాయి. అందరూ అడిగేది ఏ అప్పు చవక అనే. అప్పు అసలు మోయగలమా అని అడిగేవాళ్లు తక్కువ. మీరు ఇల్లు ఖర్చంతా పైసలతో సహా రాసి పంపారు, అందుకు మెచ్చుకోవాలి. ఆ అంకెలు కూడితే 98,800. మిగిలేది 16,200. పర్సనల్ లోన్ కిస్తీ సుమారు 7,345, కార్డు కిస్తీ 7,000. రెండూ పోగా నెలకు మీ చేతిలో మిగిలేది 1,855 రూపాయలు. ఏడాది పాటు అంతే. ఆరుగురున్న ఇంట్లో, బీపీ మాత్రలు వేసుకునే పెద్దావిడ ఉన్న ఇంట్లో, నెలకు 1,855.

అదైనా మిగులుతుందా అంటే, మీ లెక్కలో పెరిగే కరెంటు బిల్లు లేదు. మూడు బెడ్రూంలలో రాత్రి ఎనిమిదేసి గంటలు, హాల్లో నాలుగు గంటలు. పై అంతస్తు కాబట్టి గంటకు 0.8 యూనిట్ వేసుకున్నా రోజుకు 22 యూనిట్లు, నెలకు 670. ఇప్పుడున్న వాడకం మీద ఇది ఎక్కి కూర్చుంటుంది కాబట్టి పై స్లాబులోకి పోతుంది, అక్కడ యూనిట్ తొమ్మిది రూపాయల పైమాటే. అంటే ఏప్రిల్, మే నెలల్లో బిల్లు ఆరు వేలు పెరుగుతుంది. మీ దగ్గర ఉండేది 1,855. మిగతా నాలుగు వేలు ఎక్కడి నుంచి వస్తాయి? కార్డు నుంచే వస్తాయి, ఇంకెక్కడి నుంచి? ఏసీ మీద అంటించిన లేబుల్‌లో యూనిట్లు చూసి తక్కువే కదా అనుకోకండి. అది ఏడాదికి 1,600 గంటల వాడకానికి వేసిన అంకె.

మీరు జతచేసిన కొటేషన్ కూడా చూశాను. అడుగున చిన్న అక్షరాల్లో ఒక లైను ఉంది: అదనపు కాపర్ పైపు, స్టాండ్లు, కోర్ కటింగ్ (గోడకు రంధ్రం కొట్టడం) వేరు. ఏసీతో పాటు మామూలుగా ఇచ్చే పైపు మూడు మీటర్లే. మీ అసోసియేషన్ ముందువైపు గోడకు అవుట్‌డోర్ యూనిట్లు బిగించనివ్వదని మీరే రాశారు. అంటే హాల్ ఏసీ పైపు గది దాటి, వంటింటి పక్క నుంచి యుటిలిటీ దాకా రావాలి. తొమ్మిది పది మీటర్లకు తగ్గదు. డ్రెయిన్ పైపు ఎక్కడికి వదులుతారో కూడా ఇప్పుడే అడగండి, లేకపోతే నాలుగో అంతస్తు వాళ్ల ఆరేసిన బట్టల మీద నీళ్లు కారి గొడవ మొదలవుతుంది. మీ మీటరు 3 కిలోవాట్లది. నాలుగు ఏసీలు ఒకేసారి నడిస్తే అది దాటిపోతుంది. లోడు పెంచుకోవడానికి టీజీఎస్పీడీసీఎల్‌కు కిలోవాట్‌కు ఇంత అని కట్టాలి. ఆ ఖర్చు మీ లక్షన్నరలో ఉన్నట్టు నాకు కనిపించలేదు.

నో కాస్ట్ అన్న మాట గురించి ఒక్క ముక్క. షాపులో అడగండి, "మొత్తం క్యాష్ ఇస్తే ఎంత?" అని. 42,000 అన్న ఏసీ 39,000కో, 40,000కో దిగొస్తుంది. ఆ తేడాయే మీ వడ్డీ. అది కాక బ్యాంకు లెక్కలో వడ్డీ వడ్డీగానే ఉంటుంది, దాని మీద 18 శాతం జీఎస్టీ మీ స్టేట్‌మెంట్‌లో పడుతుంది. మీ 84,000 మీద అది సుమారు 1,200, ప్రాసెసింగ్ ఫీజు వేరే. పెద్ద మొత్తం కాదు, నిజమే. కానీ ఉచితం మాత్రం కాదు.

ఇక "ఎలాగూ ప్రీ అప్రూవ్డ్ వచ్చింది". ఈ మాట చదివి నాకు కోపం వచ్చింది, దాచుకోను. ఆ మెసేజ్ పంపినవాడికి మీ అమ్మగారి షుగరు తెలియదు, మీ ఖాతాలో మిగిలేది తెలియదు. తెలిసింది మీ జీతం, మీ క్రెడిట్ స్కోరు. మీరు కట్టగలరని వాడు ఒప్పుకున్నాడు సరే, మీరు ఒప్పుకున్నారా? ఆ లక్షన్నరకు రెండేళ్లలో 26,000 వడ్డీ, ముందే పట్టుకునే ఫీజు ఇంకో మూడున్నర వేలు. చల్లగాలి కోసం, అదీ ఏడాదిలో మూడు నెలల చల్లగాలి కోసం!

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మీ ఇంటికి ప్రతి నెలా తప్పకుండా కావలసింది దాదాపు లక్ష. దాచుకున్నది 60 వేలు. జీతం ఒక్క నెల ఆగితే ఇరవయ్యో తారీఖు కూడా దాటదు. మీరు పనిచేసే రంగంలో జీతం ఆగడం ఎంత మామూలైందో నేను మీకు చెప్పక్కర్లేదు. పైగా మీ ఉద్యోగం పోయిన రోజే ఆ 3 లక్షల కంపెనీ పాలసీ కూడా పోతుంది. ఇద్దరు పెద్దవాళ్లకు ఆ పాలసీ కూడా లేదు.

కొన్నేళ్ల కిందట కూకట్‌పల్లి నుంచి ఒక జంట నా దగ్గరకు వచ్చారు. మీలాగే పై అంతస్తు, మూడు ఏసీలు, అన్నీ కిస్తీల మీద. ఏప్రిల్లో బిగించారు. జూన్‌లో ఆయన ప్రాజెక్టు ఎత్తేశారు. జులైలో వాళ్ల నాన్నగారు బాత్రూంలో జారిపడ్డారు, తుంటి ఎముక ఆపరేషన్. 2.8 లక్షలు రెండు కార్డుల మీద గీకారు. ఆవిడ కార్డు స్టేట్‌మెంట్లు తెచ్చి నా బల్ల మీద పరిచింది. ప్రతి దాని మీదా పెన్సిల్‌తో ఒక అంకె చుట్టూ సున్నా చుట్టి ఉంది, పక్కన "కట్టేశాం" అని రాసి, తారీఖు. ఆ అంకె మినిమం డ్యూ, అంటే ఆ నెలకు కనీసం కట్టాల్సిన మొత్తం. అదే బిల్లు అనుకుని ఏడు నెలలు ఒక్క రోజు ఆలస్యం లేకుండా కట్టారు. నెలకు మూడున్నర శాతం వడ్డీ అంటే 2.8 లక్షల మీద 9,800, దాని మీద జీఎస్టీ 1,764. మొదటి నెల వాళ్లు కట్టిన 14,000లో అసలుకు జమ అయింది రెండున్నర వేలు కూడా కాదు. అది తీర్చడానికి ఆవిడ గాజులు అమ్మారు. ఏసీలు కూడా అమ్మజూపారు, ఊడదీయడానికీ గ్యాస్‌కూ అయ్యే ఖర్చు తీసేసి సగం ధర కూడా ఎవరూ పలకలేదు.

వాళ్లు దుబారా మనుషులు కాదు. ఇంట్లో మూడు నెలల డబ్బు విడిగా ఉండుంటే, నాన్నగారికి ఒక పాలసీ ఉండుంటే, ఆ ఏసీల కిస్తీలు ఎలాగోలా ఈదేవాళ్లు.

2025 సెప్టెంబరు 22 అందరికీ గుర్తుంది, ఆ రోజు నుంచి ఏసీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. పన్ను కలపకముందు 30,000 ఉన్న ఏసీ మీద 3,000 తగ్గింది. షాపుల వాళ్లు బ్యానర్లు కట్టి మరీ చెప్పారు. అదే రోజు నుంచి మనం సొంతంగా తీసుకునే హెల్త్ పాలసీ, లైఫ్ పాలసీల ప్రీమియం మీద ఉన్న 18 శాతం పన్ను పూర్తిగా పోయింది. దానికి ఎవరూ బ్యానర్ కట్టలేదు. మీరు మొదటిది పట్టుకుని కొటేషన్ తెప్పించుకున్నారు, రెండోది మీ ఉత్తరంలో ఎక్కడా లేదు.

కాబట్టి ఈ నెలలోనే అమ్మానాన్నలకు విడిగా పాలసీ తీసుకోండి, కనీసం 5 లక్షలది. ప్రీమియం వయసును, జబ్బులను బట్టి మారుతుంది. నెలనెలా కట్టేలా పెట్టుకుని 5,000 దాకా పక్కన ఉంచండి. కో పే (బిల్లులో మనం కట్టాల్సిన వాటా) ఎంత, గది అద్దెకు పరిమితి ఉందా అన్నవి రెండూ చూసి తీసుకోండి. అమ్మగారికి ఉన్న షుగరు, బీపీలకు వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది, అంటే ఆ జబ్బులకు పాలసీ డబ్బు ఇవ్వని కాలం, గరిష్ఠంగా మూడేళ్లు. అందుకే వచ్చే ఏడాది చూద్దాం అనకండి. ఏడాది ఆగితే ఆ మూడేళ్లు కూడా ఏడాది వెనక్కి పోతాయి. మీ పేరు మీద టర్మ్ పాలసీ (మనిషి పోతే కుటుంబానికి డబ్బు ఇచ్చేది) ఉందో లేదో రాయలేదు. ఇంటి అప్పు ఉన్నవాళ్లకు అది లేకపోవడం నేను ఊహించలేను.

మరి ఎండ సంగతి? దాన్ని నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. 67 ఏళ్ల మనిషి మే నెలలో డాబా కింద గదిలో పడుకోవడం ఆరోగ్యం కాదు. ఫాల్స్ సీలింగ్ మానేయండి. ఆ బోనస్ 50 వేలతో అమ్మానాన్నల గదికి ఒక్క ఏసీ, ఒకటిన్నర టన్ను, క్యాష్ ఇచ్చి బేరమాడి కొనండి. ఆ గది యుటిలిటీ పక్కనే ఉందన్నారు, పైపు ఖర్చు కూడా కలిసొస్తుంది. మే నెలలో పిల్లలు తాత దగ్గర పరుపేసుకుని పడుకుంటారు. మనమంతా అలా పెరిగినవాళ్లమే. మీ ఇద్దరి గదికి కూలర్. హైదరాబాద్ ఎండ పొడి ఎండ, కిటికీ తెరిచి పెడితే కూలర్ బాగానే పనిచేస్తుంది. విశాఖలో ఉండి అడిగితే ఈ మాట చెప్పేవాణ్ణి కాదు, అక్కడి ఉక్కకు కూలర్ ఇంకా ఉక్క కలుపుతుంది.

డాబా మీద తెల్లటి కూల్ రూఫ్ పెయింట్ వేయించే సంగతి అసోసియేషన్ మీటింగులో ఎత్తండి. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానమే తెచ్చింది. డాబా అందరిదీ కాబట్టి మీరొక్కరే వేయించకండి, అడక్కుండా అసలు వేయించకండి.

మిగతా దారులు అడుగుతారని తెలుసు. బంగారం కుదవ పెట్టడం: అది ఆసుపత్రి కోసం ఉంచుకోండి. ఇంటి అప్పు మీద టాప్ అప్: వడ్డీ తక్కువే, కానీ పదేళ్లకు మించి బతకని ఏసీకి పదిహేనేళ్ల అప్పు ఎందుకు? పీఎఫ్: వద్దు. చిట్టీ: 40 నెలల్లో 25 అయిపోయాయన్నారు, ఏసీ కోసం ముందే వేలం పాడొద్దు. చివరిదాకా ఆగి, వచ్చింది వచ్చినట్టు అత్యవసర నిధిలో వేయండి.

ఆ నిధి లెక్క ఇది. 16,200లో పాలసీకి 5,000 పోతుంది. ఒక్క ఏసీకి ఎండాకాలంలో బిల్లు రెండు వేలు పెరుగుతుంది, వానలు పడ్డాక అదీ ఉండదు. నెలకు సగటున 10,000 మిగులుతుంది. జీతం పడిన మర్నాడే అది వేరే బ్యాంకులో రికరింగ్ డిపాజిట్‌లోకి పోవాలి. రోజువారీ ఖర్చుల డెబిట్ కార్డు, యూపీఐ ఏవీ దానికి తగిలించకండి. ఇప్పుడున్న 60 వేలు కూడా ఆ బ్యాంకులోకే. పదిహేను నెలలకు 1.5 లక్షలు, ఈ 60 వేలు, ఫోర్‌మన్ కమీషన్ (చిట్టీ నడిపేవాళ్లు తీసుకునేది) పోగా చిట్టీ డబ్బు, అన్నీ కలిసి 4 లక్షల దగ్గరకు వస్తుంది. అంటే నాలుగు నెలల ఖర్చు. నేను ఆరు నెలలు ఉండాలంటాను, కానీ నాలుగు కూడితే రెండో ఏసీ గురించి నన్ను అడగండి, కాదనను. అప్పుడు కూడా క్యాష్‌కే.

నా దగ్గరకు వచ్చే వాళ్లలో చాలామంది ఈ నిధిని మ్యూచువల్ ఫండ్‌లో పెట్టొచ్చా, వడ్డీ వృథా కదా అంటారు. మీరూ అంటారేమో. ఆ డబ్బు పెరగడానికి కాదు, రాత్రి పదకొండు గంటలకు ఆసుపత్రి కౌంటరులో అడ్వాన్సు కట్టమన్నప్పుడు ఉండటానికి.

ఇంకొకటి. పాలసీ ప్రపోజల్ ఫారంలో అమ్మగారి షుగరు ఎన్నేళ్ల నుంచి ఉంది, ఏ మాత్రలు వాడుతున్నారు అన్నది ఉన్నదున్నట్టు రాయండి. రాస్తే ప్రీమియం పెరుగుతుంది, వదిలేద్దాం సార్ అని ఏజెంటు అనవచ్చు. అలా అంటే ఫారం మీ చేతిలోకి తీసుకుని మీరే నింపండి. పాత ప్రిస్క్రిప్షన్లు ఒక కవరులో పెట్టి ఫారంతో పాటు కాపీలు ఇవ్వండి, ఇచ్చినట్టు రసీదు తీసుకోండి.