స్టీరింగ్ ఆలస్యానికి కారణం టీవీయే కావచ్చు

గ్రాన్ టురిస్మో 7 అనే కార్ రేసింగ్ ఆటలో స్టీరింగ్ తిప్పిన కాసేపటికి గానీ కారు తిరగడం లేదని, వీల్ మార్చినా ఫలితం లేదని మీరు రాసినదాన్ని బట్టి చూస్తే, లోపం పీఎస్5 గేమ్ కన్సోల్‌లో కాక, బొమ్మకు మెరుగులు దిద్దడానికి టీవీ తీసుకునే సమయంలోనే ఉండే అవకాశం ఎక్కువ. గంటకు 200 కిలోమీటర్ల వేగంలో సెకనులో పదో వంతు ఆలస్యమైనా కారు దాదాపు ఐదున్నర మీటర్లు ముందుకు వెళ్లిపోతుంది.

1. టీవీలో గేమ్ మోడ్ ఆన్ చేయండి; ఇది ఆ మెరుగులను తగ్గించి, ఆలస్యాన్ని తగ్గించే సెట్టింగు.

2. ఎక్కువమంది మరిచిపోయేది ఇదే: చాలా టీవీల్లో గేమ్ మోడ్ ఒక్కో హెచ్‌డీఎంఐ పోర్టుకు విడివిడిగా ఉంటుంది. సెట్‌టాప్ బాక్స్ ఉన్న పోర్టులో ఆన్ చేసి, కన్సోల్ ఉన్న పోర్టును అలాగే వదిలేస్తాం. బెంగళూరు మారతహళ్లిలోని మా గదిలో నేను వారం రోజులు ఈ పొరపాటుతోనే ఆటలోని సుజుకా ట్రాక్ మొదటి మలుపులో కంకరలోకి దిగుతూ, పాపం, బ్రేక్ పెడల్‌ను తిట్టుకున్నాను. అందుకే తెర మీద ఆట కనిపిస్తుండగానే టీవీ రిమోట్‌తో మెనూ తెరిచి మార్చండి.

3. కదలికను నునుపుగా చూపించే సెట్టింగు ఇంకా ఆన్‌లో ఉంటే, దాన్ని కూడా ఆపివేయండి.

ఆ తర్వాత అదే ట్రాక్‌లో, అదే కారుతో, మలుపుకు 100 మీటర్ల ముందుండే బోర్డు దగ్గర బ్రేక్ వేసి చూస్తే తేడా మీకే తెలుస్తుంది.