మీ నాన్న గుండె గురించి శైలజకు

ప్రొద్దుటూరు

చిరంజీవి శైలజకు పెద్దమ్మ దీవించి రాయునది.

మీ నాన్న ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాడని, నువ్వు బెంగళూరులో ఉద్యోగం వదిలి అనంతపురం వచ్చేసి ఆయనను దగ్గరుండి చూసుకోవాలని నిర్ణయించుకున్నావని మా రవి నిన్న చెప్పాడు. ఆ మాట వినగానే మీ అమ్మ గుర్తుకు వచ్చింది. కడుపున పుట్టినందుకు ఇంతకన్నా ఏం కావాలని ఆమె పొంగిపోయి ఉండేది, నేనూ అలాగే పొంగిపోయాను. అయితే రాత్రి నిద్ర పట్టలేదు. ఇది పది రోజుల జ్వరం కాదు, మీ పెదనాన్నకు వచ్చిన జబ్బే మీ నాన్నకూ వచ్చింది గనుక దీని స్వభావం నాకు బాగా తెలుసు. ఫోనులో చెబితే సగం మరిచిపోతావు, అందుకే రాస్తున్నాను. ఈ ఉత్తరాన్ని డిశ్చార్జి కాగితాల ఫైలులోనే పెట్టుకో.

ముందుగా కోప్పడవలసిన విషయం చెబుతాను. రాజీనామా చేయవద్దు. నాలుగు నెలలు ఇంటి నుంచి పని చేస్తానని అడుగు, ఒప్పుకోకపోతే సెలవు పెట్టు. ఈ జబ్బులో ఇంట్లో మనిషికి చేతినిండా పని ఉండేది మొదటి నెలల్లోనే. అప్పుడు సుమారు రెండు వారాలకొకసారి మాత్రల మోతాదు పెంచుకుంటూ పోతారు, రక్తపరీక్షలు చేయిస్తారు, తట్టుకోగలిగినంత పూర్తి మోతాదులో కనీసం మూడు నెలలు మందులు వాడాక మళ్లీ ఎకో, అంటే గుండె స్కానింగ్, తీసి తక్కిన నిర్ణయాలు చేస్తారు. ఆ తరువాత మీ నాన్న తన పనులు తానే చేసుకుంటాడు, కానీ మందుల ఖర్చు మాత్రం ప్రతి నెలా వస్తూనే ఉంటుంది. ఆరోగ్యశ్రీ 2007లో మొట్టమొదట మొదలైన మూడు జిల్లాల్లో మీ అనంతపురం ఒకటి. ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్న ఆ పథకం ఆసుపత్రిలో చేరినప్పుడు ఆదుకుంటుంది, నెలనెలా షాపులో కొనే మాత్రలకు నీ జీతమే దిక్కు. కంపెనీ ఇచ్చిన బీమాలో తండ్రి పేరు ఉందో లేదో చూసుకోకుండా రాజీనామాకు సిద్ధపడితే ఎలాగమ్మా?

జబ్బు సంగతి డాక్టరు చెప్పే ఉంటాడు. గుండె ఎడమ వైపు కింది గది పెద్దదై, కండరం పలచబడి, సాగిపోయిన నవారు మంచంలా బిగువు కోల్పోవడమే డైలేటెడ్ కార్డియోమయోపతి. గదిలో చేరిన రక్తంలో ఎంత భాగం ఒక్కో కొట్టుకు బయటికి పోతోందో చెప్పే అంకెనే అందరూ పంపింగ్ అంటారు. అది మామూలుగా 55 శాతానికి పైన ఉండాలి, మీ నాన్నకు 28 ఉందని రవి చెప్పాడు. ఆ అంకె చూసి బెంబేలు పడవద్దు. మీ పెదనాన్నకు మొదటిసారి 25 వచ్చింది, ఈ ఉదయం ఆయన బజారుకు నడిచి వెళ్లి చెనిక్కాయలు తెచ్చారు.

మందులు ఇప్పుడు నాలుగు రకాలుగా ఇస్తారు. రక్తనాళాలను సడలించి గుండె మీద భారం తగ్గించే శాకుబిట్రిల్-వల్సార్టన్ గాని ఎనలాప్రిల్ వంటిది గాని ఒకటి, గుండె వేగాన్ని అదుపు చేసే కార్వెడిలాల్, బైసోప్రొలాల్, మెటోప్రొలాల్‌లలో ఒకటి, స్పిరోనోలాక్టోన్ గాని ఎప్లెరెనోన్ గాని ఒకటి, మొదట చక్కెర జబ్బు మందుగా వచ్చి తరువాత చక్కెర లేనివారి గుండెకూ మేలు చేస్తుందని తేలిన డాపాగ్లిఫ్లోజిన్ లేదా ఎంపాగ్లిఫ్లోజిన్ ఒకటి. వీటికి తోడు నీరు లాగడానికి టోర్సెమైడో ఫ్యూరోసెమైడో ఉంటుంది. నీటి మాత్ర వల్ల రెండు రోజుల్లోనే ఊపిరి తేలిక పడుతుంది గనుక రోగికి దాని మీదే నమ్మకం ఎక్కువ, కానీ ఆయుష్షు పెంచేవి ఆ తక్కిన నాలుగే. కార్వెడిలాల్ వంటి మందు మొదలుపెట్టిన కొత్తలో నీరసం పెరిగినట్టు ఉంటుంది, మీ నాన్న విసుక్కుంటాడు, ఓర్చుకోమని చెప్పు. ఎనలాప్రిల్ వాడుతున్నవారిని శాకుబిట్రిల్‌కు మార్చినప్పుడు నడుమ 36 గంటలు ఖాళీ ఉండాలి, లేకపోతే ముఖమూ గొంతూ వాచి ప్రాణం మీదికి రావచ్చు. మీ పెదనాన్నకు మార్చిన రోజున ఇంట్లో మిగిలిన పాత మాత్రలన్నీ నేను మందుల షాపులో ఇచ్చి వచ్చాను, నువ్వూ పాతవి ఇంట్లో ఉంచవద్దు. స్పిరోనోలాక్టోన్ వల్ల రక్తంలో పొటాషియం పెరుగుతుంది గనుక మొదలుపెట్టిన వారం రెండు వారాల్లో పొటాషియం పరీక్ష, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష తప్పనిసరి. చూడవచ్చిన ప్రతివారూ కొబ్బరిబోండాలు తెస్తారు, వాటిలో పొటాషియం ఎక్కువ, డాక్టరును అడగకుండా తాగించవద్దు. గుండెకు మంచిదని అమ్మే తక్కువ సోడియం ఉప్పులో కూడా పొటాషియం కలిపి ఉంటుంది, అది అసలే వద్దు.

ఇక ఈ ఉత్తరం ఏ విషయం కోసం మొదలుపెట్టానో అది చెబుతాను. మీ పెదనాన్నకు మొదటి ఏడాదిన్నరలో పంపింగ్ 25 నుంచి 52కు వచ్చింది. కడపలో డాక్టరు ఆ ఎకో చూసి, మందులు ఇలాగే వాడండి మాస్టారూ అన్నాడు. లెక్కల మాస్టారు కదా, 52 అంకె చూశాక ఆయన రోగం పోయిందని తనలో తాను తేల్చుకున్నారు. పొద్దున లేస్తే మాత్రల వల్ల కాస్త తల తిరిగేది. జమ్మలమడుగులో ఒక పెండ్లిలో బంధువు ఒకాయన, ఇన్ని మాత్రలు మింగితే కిడ్నీలు పోతాయని చెవిలో ఊదాడు. ఆ శ్రావణంలోనే ఆయన మందులు మానేశారు, ఎవరికీ చెప్పలేదు. వారానికి సరిపడా మాత్రలను గడుల డబ్బాలో నేను సర్ది పెట్టేదాన్ని. గడులు రోజూ ఖాళీ అవుతుండేవి, అంతకన్నా చూడవలసింది ఏముంటుంది? కార్తీకం వచ్చేసరికి రాత్రిళ్లు దగ్గు మొదలైంది. చలిగాలి అనుకుని మందుల షాపులో దగ్గు మందు తెచ్చారు. ఒక దిండు మీద పడుకునే మనిషికి రెండు, తరువాత మూడు కావలసి వచ్చాయి, ఆ తరువాత కుర్చీలో కూర్చుని నిద్రపోయేవారు. కాళ్లకు సాక్సు తీస్తే దాని అంచు దిగిన గుర్తు గంట సేపటికీ పోయేది కాదు. ఒక తెల్లవారుజామున ఊపిరి అందక పెదవులు నల్లబడితే అంబులెన్సులో కడపకు తీసుకువెళ్లాము. మాత్రలు ఆపారా అని డాక్టరు అడిగితే లేదని చెప్పారు. అప్పటికి పంపింగ్ 22. పదకొండు రోజుల తరువాత ఇంటికి వచ్చి, వాడిపోయిన మల్లెచెట్టుకు మన్ను మారుద్దామని కుండీ తవ్వితే, వేళ్ల మధ్య సగం కరిగిన మాత్రలు పిడికెడు కనిపించాయి. తెలుపూ గులాబీ కలిసి ముద్దగా ఉన్నాయి. ఆ మట్టిని అలాగే తెచ్చి ఆయన ముందు పెట్టాను, ఒక్క మాట కూడా అనలేదు. ఆయన ఏడ్చారు. ముప్పయి ఏళ్ల కాపురంలో ఆయన కంటనీరు చూడడం అదే మొదలు.

అన్ని మందులూ మళ్లీ మొదలుపెట్టినా ఆ 52 తిరిగి రాలేదు. 32 దగ్గర నిలిచిపోయింది, తరువాత కొత్త మందులతో 40కి చేరింది, ఇప్పటికీ అంతే. ఇది మా ఇంట్లో మాత్రమే జరిగిన విషయం కూడా కాదు. 2018లో లండన్ వైద్యులు ఇదే జబ్బు నుంచి పూర్తిగా కోలుకున్న 51 మంది మీద ఒక పరిశోధన వెలువరించారని మా డాక్టరు తరువాత చెప్పాడు. వైద్యుల కంటి ముందే, మెల్లమెల్లగా మందులు మానిపించిన 25 మందిలో 11 మందికి ఆరు నెలల్లోనే జబ్బు తిరగబెట్టింది, మందులు కొనసాగించిన 26 మందిలో ఒక్కరికీ తిరగబెట్టలేదు. మీ నాన్నకు పంపింగ్ 50 దాటిన రోజున మీరిద్దరూ సంతోషించండి, గుడికి వెళ్లండి, కానీ ఆ రోజు నుంచే నువ్వు మరింత కనిపెట్టి ఉండాలి. మాత్రలు చేతికిచ్చి, మంచినీళ్లు ఇచ్చి, మింగేదాకా అక్కడే నిలబడు. వాళ్లిద్దరూ అన్నదమ్ములు, మొండితనం కూడా ఒకటే. తల తిరిగితే, వాంతులూ విరేచనాలూ పట్టుకుంటే, మీ ఊరి ఎండలకు నాలుక పిడచకట్టుకుపోతే మోతాదు తగ్గించవలసి రావచ్చు, కొన్నాళ్లు ఆపవలసి రావచ్చు, అయితే ఆ మాట డాక్టరు నోటి నుంచే రావాలి.

రోజూ పొద్దున మూత్రానికి వెళ్లి వచ్చాక, ఏమీ తినకముందు బరువు తూచి నోటుబుక్కులో రాయి. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది ఒంట్లో నిలిచిన నీరు, ఆ రోజే ఫోను చెయ్యి. రాత్రి దగ్గు వస్తే దగ్గు మందు కోసం వెళ్లవద్దు, ముందు దిండ్లు లెక్కపెట్టు, కాళ్లు నొక్కి చూడు. ఇప్పటికీ ఈ ఇంట్లో రాత్రి పూట ఎవరు దగ్గినా నేను లేచి కూర్చుంటాను, అందుకే ఈ ఒక్క మాట మళ్లీ మళ్లీ చెబుతున్నాను.

ఉప్పు మొత్తం మీద రోజుకు ఒక టీ చెంచా, అంటే 5 గ్రాములు దాటకూడదు. సంకటిలో ఉప్పు వేయనక్కరలేదు, ఊరుబిండిలో ఉప్పు తగ్గించి చింతపండు కాస్త పెంచితే నోటికి బాగానే ఉంటుంది, ఊరగాయ జాడీ మాత్రం ఇంట్లోనే లేకుండా చెయ్యి. సారా, బీరు ఏదీ చుక్క కూడా వద్దు. ఏటా ఫ్లూ టీకా, డాక్టరు చెప్పినప్పుడు న్యుమోనియా టీకా వేయించు. మోకాళ్ల నొప్పులకు వీధి చివర వేసే సూదికి మీ నాన్న అలవాటు పడ్డాడని నాకు తెలుసు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మందులు ఒంట్లో ఉప్పునూ నీటినీ నిలబెట్టి, కిడ్నీలను దెబ్బతీసి, ఇన్ని మాత్రలతో చేసిన మేలును చెడగొడతాయి. ఆ సూది వేసే ఆయన దగ్గరకు నువ్వే వెళ్లి, మా నాన్నకు ఇక వేయవద్దని గట్టిగా చెప్పి రా.

మూడు నెలల మందుల తరువాత కూడా పంపింగ్ 35 గాని అంతకన్నా తక్కువ గాని ఉంటే ఐసీడీ అనే యంత్రం మాట వస్తుంది. గుండె లయ తప్పి ఆగబోయినప్పుడు లోపలి నుంచే షాక్ ఇచ్చి బతికించే యంత్రం అది. గుండె ఎడమ వైపుకు కరెంటు సంకేతం ఆలస్యంగా చేరుతోందని, అంటే ఎడమ బండిల్ బ్లాక్ ఉందని, ఈసీజీలో తేలి, అందులో క్యూఆర్ఎస్ అనే గీత వెడల్పుగా ఉంటే, గుండె కింది రెండు గదులనూ ఒకేసారి కొట్టించే సీఆర్టీ అనే పేస్‌మేకర్ గురించి కూడా చెబుతారు. మీ పెదనాన్నకు ఐసీడీ బెంగళూరులో పెట్టారు. మీ నాన్న భయపడితే ఆయన చొక్కా గుండీ విప్పి తమ్ముడికి చూపిస్తారు. పుట్టపర్తి సత్యసాయి ఆసుపత్రిలో గుండె వైద్యం ఉచితం, మీకు దగ్గర కూడా, అక్కడా అడిగి చూడు.

చివరి విషయం నీ గురించి. మీ అబ్బ నలభై ఏళ్లు నిండకుండానే మడి దగ్గర కూలిపోయాడు. అప్పట్లో గాలి సోకిందన్నారు. ఇప్పుడు ఇద్దరు కొడుకులకూ ఒకే జబ్బు వచ్చిందంటే ఇది వంశంలో దిగుతున్నదని డాక్టర్లు అనుకుంటున్నారు. ఇలాంటి జన్యుదోషం చాలావరకు తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశంతో వస్తుంది. మా రవికి ఈసీజీ, ఎకో చేయించాము, ఇప్పటికి బాగానే ఉంది, కొన్నేళ్లకొకసారి మళ్లీ చేయించాలి. నువ్వూ చేయించుకో. నాన్న పనిలో పడి వాయిదా వేస్తావని నా భయం. రేపు పెండ్లయి బిడ్డ కావాలనుకున్నప్పుడు ఈ సంగతి ముందే తెలిసి ఉండడం చాలా అవసరం. కాన్పు గుండె మీద పెద్ద భారం, పైగా ఈ మందుల్లో శాకుబిట్రిల్, ఎనలాప్రిల్, స్పిరోనోలాక్టోన్ వంటివి కడుపుతో ఉన్నప్పుడు వాడకూడదు.

వచ్చే ఆదివారం పొద్దుటి బస్సుకు మేమిద్దరం వస్తున్నాము. ఆలోపు డిశ్చార్జి కాగితాలు, ఎకో రిపోర్టు జెరాక్సు తీయించి పెట్టు. బరువు తూచే యంత్రం కొనవద్దు, మా దగ్గర రెండు ఉన్నాయి, ఒకటి తెస్తాను. నీ ఎకోకు సోమవారానికి టోకెన్ తీసుకో, నేను నీతో వస్తాను.

ఇట్లు
మీ పెద్దమ్మ