మూడో తరగతి సత్యోపదేశం: ఏం చెప్పాలి, దేనికి మార్కులు వేయాలి

అమ్మాయీ,

బళ్లు తెరిచేలోపు సత్యోపదేశం, అంటే మన కథోలిక మతబోధ, పాఠాల ప్లాను రాసుకుంటున్నానన్నావు కదా, అందుకే ఈ ఉత్తరం. మార్కులు పిల్లలకు తెలిసినదానికీ అర్థమైనదానికే గాని, వాళ్ల విశ్వాసానికి కాదు. కళ్లు మూసుకుని చేతులు జోడించినవాడికి ఎక్కువా, కుదురుగా నిలబడనివాడికి తక్కువా వేశావో, నెల తిరక్కుండానే తరగతంతా నటన నేర్చేస్తుంది.

మొదటి వారంలోనే ఆఫీసులో అడిగి కథోలిక పిల్లల జాబితా రాసుకో. మిగతావాళ్ల విషయంలో రాజ్యాంగం 28(3) అధికరణం ఉంది: గుర్తింపు పొందిన బడిలోగాని, ప్రభుత్వ సాయం అందే బడిలోగాని మైనరు పిల్లల్ని పెద్దల అనుమతి లేకుండా మతబోధకు కూర్చోబెట్టకూడదు. నోటిమాట సరిపోదు, సంతకం తీసుకో. సంతకం రాని పిల్లలకు అదే పీరియడ్‌లో నీతిబోధ జరగాలి. వెనక బెంచీలో హోంవర్కు చేసుకోమంటే తమను వెలివేశారనుకుంటారు.

పాఠానికి ముందే పరీక్ష ప్రశ్న రాసిపెట్టుకో. మంచి సమరీయుడి కథే తీసుకుందాం, బైబిల్లో లూకా 10వ అధ్యాయం, 25 నుంచి 37 వచనాలు: దొంగలు కొట్టి దారిలో పడేసిన మనిషిని ముందు యాజకుడు (పూజారి), తర్వాత లేవీయుడు (గుడి సేవకుడు) చూసి తప్పుకుపోతే, యూదులకు పడని సమరీయుడు ఆగి కాపాడిన కథ. నలభై నిమిషాల్లో కథకు పది చాలు. బొమ్మకు రంగులేయించడం మొదలెట్టావంటే పీరియడ్ అక్కడే అయిపోతుంది, అది ఇంటికివ్వు. కథ చెప్పాక ఆరు బొమ్మల కార్డులు కలిపేసి ఇచ్చి, జట్లుగా వరసలో పెట్టమను. లేవీయుడి కార్డు యాజకుడి కార్డు కంటే ముందు పెట్టే జట్టు ఒకటైనా ఉంటుంది. తప్పని చెప్పకుండా బైబిలు తీసి చదివించు, వాళ్లే సర్దుకుంటారు.

సమరీయుడు గాయాల మీద నూనె, ద్రాక్షారసం పోశాడనగానే ఎవడో ఒకడు నవ్వుతాడు. కసురుకోకు. ద్రాక్షారసం పుండు కడగడానికి, నూనె మంట తగ్గడానికి అని చెప్పి ముందుకెళ్లు. ఆ మనిషిని చూసుకోమని సత్రం యజమానికిచ్చిన రెండు దేనారాల దగ్గర మాత్రం ఆగు. దేనారమంటే ఒక రోజు కూలి. హార్బర్‌లో పనిచేసే నాన్న రెండు రోజుల సంపాదన ముక్కూముఖం తెలియనివాడికి ఇచ్చేస్తే ఇంట్లో ఏమవుతుందో అడిగి చూడు. పాఠంలో పట్టున్న చోటు అదే.

యూదులకూ సమరీయులకూ పడదన్న సంగతి చెప్పకపోతే కథ ఉత్త దయాగుణం పాఠమైపోతుంది. కానీ దాన్ని వివరించడానికి మన ఊళ్లోని ఏ కులం పేరూ, మతం పేరూ, పేట పేరూ ఎత్తకు. ఎత్తిన మరుక్షణం తరగతిలో తలలన్నీ ఒక్క పిల్లవాడి వైపు తిరుగుతాయి. మాటల్లేని పక్కింటివాళ్లు అను, చాలు.

ఇరవై మార్కుల పేపరైతే, వరసకూ పేర్లకూ ఎనిమిది, ‘ఎందుకు’ ప్రశ్నలకు ఎనిమిది, తన బతుకుతో ముడిపెట్టేదానికి నాలుగు వెయ్యి. ‘సమరీయుడు మంచివాడు కనుక’ అన్న జవాబు ఏ ప్రశ్నకైనా అతుకుతుంది. దానికి సగం మార్కుకు మించి ఇవ్వకు. ‘వాళ్లకు పడకపోయినా ఆగాడు కనుక’ అని వచ్చీరాని రాతలో రాసినా నిండా వెయ్యి. అక్షరదోషాలు తెలుగు టీచరు చూసుకుంటుంది. రాయలేనివాళ్లను నోటితో అడుగు. రోజుకు ఐదుగురి చొప్పున అడిగితే నలభైమంది తరగతి ఎనిమిది రోజుల్లో అయిపోతుంది, నోటుబుక్కులో తలా ఒక్క వాక్యం రాసుకుంటే చాలు.

జపాలు వేరే లెక్క. యేసు నేర్పిన పరలోక జపం, మరియమ్మకు చెప్పే మంగళవార్త జపం అప్పజెప్పించుకో, అయితే ఒక వాక్యమైనా సొంతమాటల్లో చెప్పించడం మరిచిపోకు. ప్రథమ దివ్యసత్ప్రసాదానికి, అంటే గుడి పూజలో మొదటిసారి అప్పం స్వీకరించడానికి, పిల్లవాడు సిద్ధమయ్యాడా లేదా అన్నది తల్లిదండ్రులూ విచారణ గురువులూ (ఆ గుడి ఫాదర్లూ) చూసుకునే పని. నీ మార్కులు దానికి షరతు కాకూడదు, ఎవరు అడిగినా సరే.

ఈస్టరుకు ముందు చెప్పే శ్రమల పాఠాలు, అంటే యేసు సిలువ బాధల పాఠాలు, ఫిబ్రవరిలోపు ముగించు. ఈస్టరు మార్చి 22కూ ఏప్రిల్ 25కూ మధ్య ఎప్పుడైనా రావచ్చు; పండగ దాకా ఆగితే వార్షిక పరీక్షలు మీద పడతాయి.

ప్రోగ్రెస్ కార్డులో ‘భక్తి తక్కువ’ లాంటి మాట పొరపాటున కూడా రాయకు. ‘కథ వరసగా చెప్పగలదు, కారణాలు చెప్పడానికి ఇంకా సాయం కావాలి’ అని రాస్తే ఇంట్లో ఏం చేయాలో తల్లికి తెలుస్తుంది.

మొదటి యూనిట్ పేపరు తయారవగానే పంపు, దిద్ది ఇస్తాను.

ఇట్లు,
మీ పెద్ద టీచరు
విశాఖపట్నం