తెలిసిన పనికి ఇంటర్న్‌షిప్ ఎందుకు?

ప్రశ్న: నెల్లూరులో పీహెచ్‌డీ నాలుగో ఏడు చదువుతున్నాను. వనామి రొయ్యలకు సోకే తెల్లమచ్చ వైరస్ నా పరిశోధనాంశం. అధ్యాపక ఉద్యోగంపై ఆశ సన్నగిల్లింది. తీరంలోని ఒక హేచరీ (రొయ్యపిల్లల ఉత్పత్తి కేంద్రం) వారు తమ పీసీఆర్ (వైరస్ జన్యువును పట్టే పరీక్ష) ల్యాబులో రెండు నెలల ఇంటర్న్‌షిప్ ఇస్తామంటున్నారు. గైడుగారిని అడగడానికి జంకుగా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక పరిశోధక విద్యార్థిని, కావలి

జవాబు: హేచరీకి వెళ్లండి, ల్యాబులో మాత్రం కూర్చోవద్దు. నాలుగేళ్లుగా చేస్తున్న పీసీఆర్‌నే అక్కడా చేస్తే, ఆ వృత్తి మీకు సరిపడుతుందో లేదో రెండు నెలల తరువాత కూడా తేలదు. బ్రిటన్‌లో జీవశాస్త్ర పరిశోధనకు నిధులిచ్చే బీబీఎస్‌ఆర్‌సీ, తన డాక్టోరల్ శిక్షణలోని విద్యార్థులను పరిశోధనాంశంతో సంబంధం లేని చోట మూడు నెలలు పనిచేయిస్తున్నది. మీకు తెలియని పని ఆ హేచరీలోనే బోలెడంత ఉంది. ఒక తొట్టెలోని రొయ్యపిల్లకు ఈహెచ్‌పీ (రొయ్యల ఎదుగుదలను దెబ్బతీసే పరాన్నజీవి) ఉన్నట్లు తేలితే దానిని అమ్మకూడదని యజమానికి ఎవరు చెబుతారు, ఎలా చెబుతారు? టెక్నీషియన్ వెంట గుంటల గట్ల మీద తిరిగి, అప్పు తెచ్చి పిల్ల వదిలిన రైతుకు పరీక్షా ఫలితం వివరించవలసి వచ్చినప్పుడు, ఆ పని మీద మీకు ఇష్టం కలుగుతుందో, విసుగు పుడుతుందో అక్కడే తెలుస్తుంది. విసుగు పుట్టినా నష్టమేమీ లేదు; ఉద్యోగంలో చేరిన మూడేళ్లకు తెలియడం కన్నా నయమే కదా.

ఇక సెలవు సంగతి. యూజీసీ ఫెలోషిప్ తీసుకుంటున్నవారికి ఏడాదికి 30 రోజులే సెలవు, వేరే జీతం తీసుకోవడానికి వీల్లేదు. మీదీ అదే ఫెలోషిప్ అయితే ఇప్పటికి ఒక్క నెలే, జీతం లేకుండా అడగండి. పెద్ద విడతను థీసిస్ సమర్పించిన తరువాతకు ఉంచుకోండి. యూజీసీ 2022 పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం మూల్యాంకనానికి ఆరు నెలల దాకా పట్టవచ్చు కనుక ఆ ఖాళీ చేతికి వస్తుంది. మిగిలిన ప్రయోగాలు ఏ నెలకు ముగుస్తాయో కాగితం మీద రాసుకుని గైడుగారి దగ్గరకు వెళ్లండి, ఆయన అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. హేచరీ నమూనాల ఫలితాలను వారి లిఖిత అంగీకారం లేకుండా థీసిస్‌లో చేర్చకండి.

ప్రశ్న: అమెరికాలో జే-1 వీసాపై (మార్పిడి కార్యక్రమం కింద వచ్చినవారికి ఇచ్చేది) పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తరువాతి పరిశోధన) చేస్తున్న మా అబ్బాయి, ఒక మందుల కంపెనీలో ఇంటర్న్‌గా చేరతానంటున్నాడు. ఇంత చదివి మళ్లీ మొదటి మెట్టుకా?
– ఒక తండ్రి, ఒంగోలు

జవాబు: మెట్టు గురించి దిగులు పడకండి, వీసా గురించి అడగండి. జే-1 పరిశోధకుడు తన స్పాన్సర్ సంస్థ ముందస్తు అనుమతి లేకుండా మరొక చోట పనిచేస్తే ఆ కార్యక్రమమే రద్దు కావచ్చు. కంపెనీకి సమాధానం పంపే ముందు సంస్థలోని అంతర్జాతీయ విద్వాంసుల కార్యాలయానికి వెళ్లమనండి.